న్యూయార్క్ రాష్ట్రంలోని లూయిస్ కౌంటీలో మొదటి చలికాలం: తుఫాను వచ్చి కరెంటు పోతే ఏం చేయాలి?

కొత్తగా వచ్చిన డాక్టర్, లూయిస్ కౌంటీ

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు పక్కన పల్లెటూరు. జె-1 వేవర్ (వీసా అయ్యాక స్వదేశం వెళ్లకుండా, డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసే మినహాయింపు) మీద ఇక్కడి చిన్న ఆసుపత్రిలో మూడేళ్ల ఉద్యోగం కుదిరి, ఆగస్టులో హ్యూస్టన్ నుంచి వచ్చాం. ఊరికి ఆరు మైళ్లు బయట ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పక్కిల్లు అర మైలు దూరం. బోరు నీళ్లు, ఇల్లు వేడి చేయడానికి ప్రొపేన్ గ్యాసు ఫర్నెస్. ఇంట్లో నేను, నా భార్య, పద్దెనిమిది నెలల పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మ. తుఫాను పడితే రెండు మూడు రోజులు కరెంటు ఉండదని ఆసుపత్రిలో అందరూ అంటున్నారు. నేను డ్యూటీలో ఇరుక్కుపోతే ఇంట్లో వాళ్లు ముగ్గురే ఉండాలి. అదే టెన్షన్. జనరేటర్ కొనాలనుకుంటున్నా. ఎంత కెపాసిటీది తీసుకోవాలి?

టగ్ హిల్ పక్కన పద్దెనిమిదేళ్లు

డాక్టర్ గారూ, జనరేటర్ సంగతి తర్వాత చూద్దాం. మన ఊళ్లో కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, దోమలు కుడతాయి, అంతే. ఇక్కడ అలా కాదు. మీ బోరు మోటారు కరెంటు మీద నడుస్తుంది, కరెంటు లేకపోతే నీళ్లు లేవు. ఫర్నెస్‌లో మండేది ప్రొపేనే అయినా మంట అంటించేదీ, వేడిగాలి తోసేదీ కరెంటే. ట్యాంకు నిండా గ్యాసున్నా ఇల్లు చల్లబడిపోతుంది. నీళ్లూ వేడీ ఒకేసారి పోతాయని ముందు ఇంట్లో వాళ్లకు చెప్పండి.

మీరున్న చోట మంచు ఎందుకంత పడుతుందో కూడా తెలుసుకోండి. ఒంటారియో సరస్సు చలికాలంలో పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. చల్లగాలి ఆ నీళ్ల మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, టగ్ హిల్ అనే ఈ ఎత్తైన ప్రాంతం ఎక్కేటప్పుడు అంతా ఇక్కడే కుమ్మరిస్తుంది. 2007 ఫిబ్రవరిలో ఈ టగ్ హిల్ మీదే ఉన్న రెడ్‌ఫీల్డ్‌ అనే ఊళ్లో పది రోజుల్లో 141 అంగుళాలు పడింది. దాదాపు పన్నెండు అడుగులు. ఇంకో సంగతి, ఈ మంచు పట్టీలుగా పడుతుంది. మీ ఇంటి ముందు ఎండ కాస్తుంటుంది, రెండు మైళ్లు పోతే కారు బానెట్ కనిపించదు. కిటికీలోంచి చూసి బయల్దేరకండి. 511 అనే రాష్ట్ర రోడ్ల సమాచార సర్వీసులో రోడ్డు పరిస్థితి చూడండి.

తుఫాను హెచ్చరిక రాగానే బాత్ టబ్బు నింపేయండి, టాయిలెట్‌కు పనికొస్తుంది. తాగడానికి మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున వేరుగా పట్టుకోండి. ప్రొపేన్ ట్యాంకు మూత ఎత్తితే ముల్లు ఉంటుంది. నిండా పోసినా 80 శాతమే చూపిస్తుంది, అది మామూలే. 30కి దిగకముందే గ్యాసు కంపెనీకి ఫోన్ చేయండి.

సిరక్యూస్ నుంచి, ఇదివరకు పల్లెలో అద్దెకున్నవాణ్ని

ప్రొపేన్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్పాలి. కాస్త పెద్దదే, కానీ డాక్టర్ గారు తప్పకుండా చదవాలి.

2022 జనవరిలో మేమూ అలాంటి ఇంట్లోనే ఉన్నాం. ప్రొపేన్ ఆటోమేటిక్‌గా వస్తుందని, డ్రైవ్‌వే మంచు తనే తీయిస్తానని ఇంటాయన నోటిమాటగా చెప్పాడు. లీజులో ఒక్క ముక్క లేదు. మంచు పడింది, రెండున్నర అడుగులు. గ్యాసు లారీ వచ్చి రోడ్డు మీద ఆగి, డ్రైవ్‌వే చూసి వెళ్లిపోయింది. తలుపుకు చీటీ కట్టలేదు, ఫోనూ లేదు. గొట్టం లాక్కుని ట్యాంకు దాకా నడవడానికి దారి లేకపోతే వాళ్లు పోయరన్న సంగతి నాకప్పుడు తెలియదు. ఇంటాయనకు ఫోన్ చేస్తే ఫ్లోరిడాలో ఉన్నాడు. "మంచు తీయడం అద్దెకున్నవాళ్ల పని" అన్నాడు. ముల్లు 8 దగ్గర ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆ ఫోటోయే తర్వాత నన్ను కాపాడింది.

రెండో రోజు రాత్రి ఫర్నెస్ ఆగిపోయింది. పిల్లల్ని తీసుకుని స్నేహితుడి ఇంటికి పోయాం. మూడు రోజుల తర్వాత వచ్చి తలుపు తీస్తే వంటింటి సీలింగ్ కింద పడి ఉంది. పైన పైపు పగిలి, నీళ్లు కారి, నేల మీద మళ్లీ గడ్డకట్టాయి. బియ్యం డబ్బా చుట్టూ ఐసు. మా ఆవిడ పెళ్లినాటి ఇత్తడి బిందె అందులో కూరుకుపోయి ఉంది. నేను స్క్రూడ్రైవర్‌తో చెక్కి తీశాను.

ఇల్లు ఖాళీ చేశాక ఇంటాయన డిపాజిట్ 1,150 డాలర్లు ఇవ్వనన్నాడు. తప్పు నాదేనట. ఐదు వారాలైనా లెక్క కూడా పంపలేదు. న్యూయార్క్‌లో 2019 చట్టం ప్రకారం ఖాళీ చేసిన 14 రోజుల్లోగా దేనికెంత పట్టుకున్నారో రాసి పంపకపోతే డిపాజిట్ మీద వాళ్లకు హక్కు పోతుంది. టౌన్ కోర్టులో 15 డాలర్ల ఫీజు కట్టి స్మాల్ క్లెయిమ్స్ కేసు, అంటే చిన్న మొత్తాల కేసు వేశాను. అక్కడ 3,000 డాలర్ల దాకా వేసుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు. జడ్జి గారు ఫోటో మీద తేదీ చూశారు, లీజు చూశారు, డబ్బులిప్పించారు. డబ్బులు వచ్చాయి కానీ ఆ చలికాలం మా పెద్దవాడికి ఇంకా కలలోకి వస్తుంది.

డాక్టర్ గారూ, ప్రొపేన్ ఎవరు పోయిస్తారు, మంచు ఎవరు తీయిస్తారు, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మకండి.

న్యూజెర్సీ నుంచి

అన్నా, మీరు అంత కష్టపడాల్సింది కాదు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా ఇంట్లో 68 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా చూడటం ఓనర్ బాధ్యత. చట్టం ఉంది. ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్టర్ వస్తాడు.

సిరక్యూస్ నుంచి, ఇదివరకు పల్లెలో అద్దెకున్నవాణ్ని

తమ్ముడూ, నువ్వు చెప్పింది న్యూయార్క్ నగరం రూలు. అదీ పగటికే, రాత్రికి 62. పల్లెలో మంచు రోడ్డు మూసేశాక ఏ ఇన్‌స్పెక్టర్ వస్తాడు? ఆ రాత్రి చట్టం మా ఫర్నెస్ వెలిగించలేదు.

బఫెలో నర్సు

అందరూ ఇంటి గురించే రాశారు, నేను పాప గురించి రాస్తాను. పద్దెనిమిది నెలల పిల్ల ఉన్న ఇంట్లో బాత్ టబ్బు నింపమని చెప్పిన అన్నకు నా మనవి, దయచేసి ఆ సలహా మార్చండి. చీకట్లో టార్చి వెతుక్కునే రెండు నిమిషాలు చాలు. మూత గట్టిగా పట్టే బకెట్లు కొనండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. టబ్బు తప్పదనుకుంటే బాత్రూమ్ తలుపుకు పైన గడియ పెట్టండి.

ఇక అమ్మ గారి సంగతి. 2022 డిసెంబర్ బ్లిజార్డ్‌లో (మంచు తుఫానులో) మా దగ్గర 37 గంటలు ఏకధాటిగా కొట్టింది. 40 మందికి పైగా పోయారు, కొందరు కార్లలో, కొందరు వేడి లేని ఇళ్లలో, కొందరు మంచు ఎత్తుతూ గుండె ఆగి. ఆ వారం మా తెలిసినవాళ్లింట్లో ఏం జరిగిందో చెబుతాను. వాళ్ల అత్తగారు భీమవరం నుంచి వచ్చారు. మనవడు చలికి వణుకుతున్నాడని గరాజ్‌లోని బార్బెక్యూ బొగ్గులు తెచ్చి, అట్లపెనంలో రాజేసి, మంచం పక్కన పెట్టారు. మన ఊళ్లో బాలింత మంచం కింద కుంపటి పెట్టలేదా, అలాగే అనుకున్నారు పాపం. కానీ మన పెంకుటిళ్లలో గాలి అన్ని సందుల్లోంచీ ఆడుతుంది. ఇక్కడి ఇల్లు చలి రాకుండా డబ్బాలాగా బిగించి కట్టినది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటే అది ఫ్లూ కాదు. వెంటనే బయటకు వచ్చి 911కి ఫోన్ చేయాలి. ఆ ఇంట్లో అలారం మోగింది కాబట్టి అందరూ బతికారు. 2010 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో అమాండా చట్టం ప్రకారం ఇళ్లలో ఆ అలారం ఉండి తీరాలి. మీ అద్దె ఇంట్లో ఉందో లేదో ఈరోజే చూడండి, బ్యాటరీ మార్చండి, బటన్ నొక్కి అమ్మకు ఆ మోత వినిపించండి. అది మోగితే పాపను ఎత్తుకుని బయటకు పరుగెత్తాలని తెలుగులో చెప్పండి. గ్యాస్ ఓవెన్ తెరిచి గది వేడి చేయకూడదనీ చెప్పండి.

మంచు ఎత్తే పని మాత్రం మీరు పెట్టుకోకండి డాక్టర్ గారూ. మనవాళ్ల గుండెల సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు.

పాట్స్‌డామ్ మాస్టారు

నేను 1998 జనవరి ఐస్ స్టార్మ్ చూసినవాణ్ని. మంచు చూసి భయపడతారు గానీ, అసలు భయపడాల్సింది గడ్డకట్టే వానకు. తీగల మీద, కొమ్మల మీద పేరుకుంటూ పోతుంది. రాత్రంతా చెట్లు విరుగుతున్న చప్పుడు, తుపాకీ పేలినట్టు. మాకు పదిహేడు రోజులు కరెంటు లేదు. కెనడా వైపు క్యూబెక్‌లో నెల దాటినా రాని ఊళ్లున్నాయి. కాబట్టి రెండు రోజులకు కాదు, వారానికి సరిపడా ఉంచుకోండి. చలి ఎక్కువగా ఉన్నప్పుడు కుళాయిలు సన్నటి ధారగా వదిలితే పైపులు పగలవు. ఇది మర్చిపోవద్దు.

టగ్ హిల్ పక్కన పద్దెనిమిదేళ్లు

నర్సమ్మా, టబ్బు విషయంలో మీరే కరెక్ట్. పాప సంగతి ఆలోచించకుండా రాశాను, క్షమించండి.

కానీ మాస్టారూ, ధార వదలమన్నది ఊరి నీళ్లు ఉన్నవాళ్లకు. బోరు ఇంట్లో కరెంటు పోయాక ప్రెషర్ ట్యాంకులో మిగిలేవి కొద్ది గాలన్లే. ధార వదిలితే అవి గంటలో అయిపోతాయి, ఆ తర్వాత పైపు ఎలాగూ గడ్డకడుతుంది.

పాట్స్‌డామ్ మాస్టారు

ఇరవై ఏడేళ్లుగా వదులుతున్నాను, ఒక్క పైపు పగల్లేదు.

టగ్ హిల్ పక్కన పద్దెనిమిదేళ్లు

మీది విలేజ్ నీళ్లు మాస్టారూ. మీకు పంపు వేరేవాళ్లు నడుపుతారు.

పాట్స్‌డామ్ మాస్టారు

అది నిజం. అయితే డాక్టర్ గారికి వేరుగా చెప్పాలి. ఇల్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగిపోతూ, ఇల్లు వదిలిపోవాల్సి వస్తే, బేస్‌మెంట్‌లో మెయిన్ వాల్వ్ కట్టేసి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి, పైన కుళాయిలు కూడా తెరిచి పైపులు ఖాళీ చేయండి. ఖాళీ పైపు పగలదు. ఆ వాల్వ్ ఎక్కడుందో ఇప్పుడే వెతికి ఎర్ర గుడ్డ కట్టండి. మంచు పడ్డ రాత్రి వెతికితే దొరకదు.

రోచెస్టర్ ఎలక్ట్రికల్ ఇంజనీర్

ఆయన అడిగింది జనరేటర్ గురించి, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. బోరు మోటారు మామూలుగా 240 వోల్టులది. చేత్తో మోసుకెళ్లే 2,000 వాట్ల చిన్న జనరేటర్ 120 ఇస్తుంది. ఫర్నెస్ బ్లోయర్, ఫ్రిజ్, ఫోన్లు నడుస్తాయి, మోటారు నడవదు. మోటారు కూడా కావాలంటే 240 ఇచ్చే పెద్దది కావాలి. దాన్ని ఇంటి ప్యానెల్‌కు కలపడానికి జనరేటర్ కరెంటు బయటి లైనులోకి పోకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ ఇంటర్‌లాక్ గానీ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించాలి. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్ ఒప్పుకోవాలి. రెండు వైపులా మగ పిన్నులున్న తీగతో డ్రయ్యర్ ప్లగ్గులోకి కరెంటు ఎక్కించమని ఎవరైనా చెబితే వినకండి. ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాటితే వేల వోల్టులవుతుంది. మీ కోసం స్తంభమెక్కిన లైన్‌మన్ చనిపోతాడు.

జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ ఇంటికి అవతలి వైపు పోయేలా పెట్టాలి. గరాజ్‌లో షట్టర్ తెరిచి పెట్టినా ప్రమాదమే. మీ ఫర్నెస్ పొగగొట్టం గోడలోంచి బయటకు వచ్చే తెల్ల ప్లాస్టిక్ పైపు అయితే, మంచు దాన్ని మూసేస్తుంది. తుఫానులో నాలుగైదు గంటలకోసారి వెళ్లి చేత్తో తీసేయాలి. ఈ పని జనరేటర్ కన్నా ముఖ్యం.

కొత్తగా వచ్చిన డాక్టర్, లూయిస్ కౌంటీ

అందరికీ ఎన్ని సార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. సాయంత్రం ఇల్లంతా తిరిగి చూశాను. ముల్లు 35 దగ్గర ఉంది, ఫోటో తీశాను, రేపు ఫోన్ చేస్తాను. అలారం పైన ఒకటే ఉంది, కింద లేదు, కొంటున్నాను. తెల్ల పైపు వెనక గోడకు నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంది. మంచు నిజంగా దాన్ని దాటుతుందా? ఇంకో ప్రశ్న, పొయ్యి కరెంటుది. అమ్మ పాపకు ఏం పెడుతుంది?

బఫెలో నర్సు

పైపును మంచు దాటుతుంది బాబూ, ఒక్క రాత్రిలో. పొయ్యి లేకపోయినా పర్లేదు. అటుకులు ఐదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, పెరుగు కలిపితే పాపకూ అమ్మకూ అన్నమే. అమ్మకు పక్కన కాస్త ఆవకాయ. తుఫాను ముందురోజు చింతపండు పులిహోర కలిపి చల్లటి గదిలో పెట్టుకోండి. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు ఆగుతాయి. రాత్రి అందరూ ఒకే గదిలో పడుకోండి, తలుపు కింద సందులో దుప్పటి కుక్కి. పాప మీద మాత్రం బరువైన బొంతలు కప్పకండి, బట్టలే పొరలుగా వేయండి.

టగ్ హిల్ పక్కన పద్దెనిమిదేళ్లు

ఇంకొక్కటి. అర మైలు దూరంలో ఉన్న పక్కింటికి ఈ శనివారమే అందరూ కలిసి వెళ్లి రండి. అమ్మ చేతి వంట ఏదైనా పట్టుకెళ్లండి. వాళ్ల దగ్గర కట్టెల పొయ్యి ఉందేమో, ట్రాక్టరుకు మంచు తోసే ప్లౌ ఉందేమో చూడండి. మీరు డ్యూటీలో ఉండే రాత్రులు చెప్పి, మీ ఇంట్లో దీపం కనిపించకపోతే ఒకసారి చూడమని అడగండి. నా మొదటి చలికాలంలో మా పక్కింటి పాల రైతు అడక్కుండానే తెల్లవారుజామున మూడింటికి ట్రాక్టరు లైట్లు వేసుకుని వచ్చాడు. డ్రైవ్‌వే రెండు పక్కలా ఎర్ర కర్రలు పాతి పెట్టండి, నేల గట్టిపడకముందే. మంచు ఎక్కడ తోయాలో ట్రాక్టరు నడిపేవాళ్లకు కనిపించాలి.