18 థౌ ఎడమ గొట్టం, లండన్ పేరు: వేలంలో పాడొచ్చా?

లెస్టర్‌కాడ:
ఇంగ్లండ్‌లో వచ్చే వేలంలో ఒక లాట్ మీద కన్నుంది. కేటలాగులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా. 12 బోరు జంట గొట్టాల షాట్‌గన్, సైడ్‌లాక్ (పేల్చే యంత్రం పక్క ప్లేట్ల మీద ఉండేది), ఎజెక్టర్ (కాల్చిన తూటాను బయటికి విసిరేది), లండన్ మేకర్, 1920ల నాటిది. 28 అంగుళాల గొట్టాలు, చాంబర్లు (తూటా కూర్చునే చోటు) 2½ అంగుళాలు, అంటే 65 మి.మీ., చోక్ (మూతి దగ్గర బిగువు) కుడి పావు, ఎడమ సగం. బోరు (లోపలి వ్యాసం, అంగుళాల్లో) కుడి .731, ఎడమ .737, ప్రూఫ్ ముద్ర 12 (ప్రూఫ్ అంటే అదనపు ఒత్తిడితో కాల్చి చూసే అధికారిక పరీక్ష). గోడ మందం కనిష్ఠంగా కుడి 24 థౌ, ఎడమ 18 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). గొట్టాలకు ఈమధ్యే మళ్లీ నలుపు వేయించారు. అంచనా 800 నుంచి 1,200 పౌండ్లు. నాకు షాట్‌గన్ సర్టిఫికెట్ (లైసెన్సు) ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు క్లేలు (ఎగిరే మట్టి బిళ్లలు) కొట్టుకోడానికి. పాడొచ్చా?

పాతగొట్టం:
వదిలేయ్. ఎడమ గొట్టం పని అయిపోయింది. కుడి .731, ఎడమ .737 అంటే తుప్పు గుంటలు పోగొట్టడానికి ఎడమవైపు ఆరు థౌ లాప్ చేశారు, అంటే లోపల అరగదీశారు. దాంతో గోడ 18కి దిగింది. ఆ కొత్త నలుపు కూడా అందుకే. పైన పటారం, లోన లొటారం. 20 కింద ఉన్నదాన్ని నేనైతే చేత్తో ముట్టుకోను.

మూడోపాట:
లెక్క తప్పు. బోరు వ్యాసం ఆరు పెరిగితే గోడ తగ్గేది మూడు, ఆరు కాదు. 24లోంచి మూడు తీస్తే 21. మిగతా మూడు ఏమైంది? రెండోది, 12 అనే ముద్రకు అర్థం ప్రూఫ్ రోజున బోరు .729కి తక్కువ కాకుండా, .740కి లోపు ఉందని మాత్రమే. తయారైనప్పుడే ఆ గొట్టం .735 ఉండి ఉండొచ్చు. రెండు గొట్టాలూ ఒకే కొలతకు తొలిచారని ఎవరు చెప్పారు మీకు? మూడోది, 20 థౌ అనే గీత ఏ చట్టంలో ఉంది? 1868 ప్రూఫ్ చట్టం అడిగేది గొట్టం ప్రూఫ్‌లో ఉందా లేదా అని. గోడ మందం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బాక్స్‌లాక్‌బాబాయ్:
తమ్ముడూ, గోడ సంగతి తర్వాత. చూడ్డానికి వెళ్లిన రోజు ముందు ఫోరెండ్ (గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క) తీసేయ్. ఫోరెండ్ స్ప్రింగు వదులును దాచేస్తుంది. అది లేకుండా గొట్టాలు బిగించి, గ్రిప్ దగ్గర పట్టుకుని ఊపు. తర్వాత కిటికీ వైపు ఎత్తి, గొట్టాల వెనక అంచుకూ, అది మూసుకునే యాక్షన్ (తుపాకీ లోహపు ఒడలు) ముఖానికీ మధ్య వెలుతురు కనిపిస్తోందేమో చూడు.

పాతగొట్టం:
మిగతా మూడు బయట పోయింది. సొట్ట పడితే లోపల ప్లగ్ పెట్టి, పైన సుత్తితో తట్టి లేపుతారు. లేపాక మచ్చ మిగులుతుంది. ఆకురాయితో చుట్టూ సాఫు చేస్తే ఒకటి రెండు థౌ హరీ. ఆపైన నలుపు వేయించేముందు మెరుగు పెడతారు, అక్కడ ఇంకాస్త. వందేళ్లలో ఇలా మూడు నాలుగుసార్లు జరిగిన గొట్టం అది.
చట్టం అని నేను ఎక్కడ అన్నాను? పైకెళ్లి మళ్లీ చదవండి.

మూడోపాట:
"పని అయిపోయింది" అన్నారు. అయిపోవడమంటే ఏమిటో చెప్పండి. పగులుతుందా? 12 బోరు తూటా ఒత్తిడి అత్యధికంగా ఉండేది చాంబర్‌లో, దాని ముందు మొదటి కొద్ది అంగుళాల్లో. ఈ సన్నని చోట్లు మామూలుగా వెనక అంచు నుంచి 9 అంగుళాలు దాటాక వస్తాయి. అక్కడికి ఒత్తిడి బాగా పడిపోతుంది. గొట్టాలు పగిలేది ఎక్కువగా అడ్డు వల్ల. మంచు, బురద, లోపల ఉండిపోయిన వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే అడ్డ), లేదా 12లో పొరపాటున జారిన 20 బోరు తూటా. అది చాంబర్ దాటి ఇరుక్కుంటుంది, వెనక 12 తూటా పెట్టి కాలిస్తే 30 థౌ గొట్టమైనా విచ్చుకుంటుంది. 24 గ్రాముల 65 మిల్లీమీటర్ల తూటాలు వాడేవాడికి 18 థౌ చాలు.

మచిలీపట్నం:
హైదరాబాద్ లైసెన్సు మీద ఇలాంటిది వేలంలో కొని తెప్పించుకోవచ్చా?

బాక్స్‌లాక్‌బాబాయ్:
అడగొద్దులే. విదేశీ వేలంలో కొని ఇక్కడికి దింపుకునే దారి మామూలు లైసెన్సుదారుకు లేదు. 2019 సవరణ తర్వాత ఒక లైసెన్సు మీద రెండే తుపాకులు. కావాలంటే ఇక్కడే ఉన్న పాత సరుకు చూడు. కలకత్తా తుపాకీ దుకాణాలు రోడ్డా, మాంటన్ తమ పేర్లతో అమ్మినవి ఇప్పటికీ చేతులు మారుతుంటాయి.

డాలస్ కుర్రోడు:
అమెరికా వాళ్లకు ఒక మాట. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది ఇక్కడ ఫెడరల్ చట్టం కింద యాంటిక్, తుపాకీ లెక్కలోకి రాదు. 1920ల నాటిది యాంటిక్ కాదు, దిగుమతి కాగితాలు కావాలి. దానికి మించిన ప్రమాదం తూటాది. ఇక్కడ కొట్లో మామూలుగా దొరికేవి 2¾ అంగుళాలవి, అంటే 70 మి.మీ. స్టార్ క్రింప్ (మూతి నక్షత్రంలా లోపలికి మడిచినది) ఉన్న 70 మి.మీ. తూటా కాల్చకముందు పొట్టిగా ఉండి 65 చాంబర్‌లోకి హాయిగా దిగిపోతుంది. కాల్చాక విప్పుకున్న మూతి చాంబర్ ముందు సన్నబడే కోన్‌లో పొడుచుకొస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. పట్టింది కదా అని కాల్చకండి.

సభ్యుడు407:
ఇంకా కొనేదేమిటి సార్, సీసపు గుళ్లకే నిషేధం వస్తోంది. 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించింది, మూడేళ్ల గడువు. ఈ 2½ తుపాకులకు ఇక బిస్మత్ గతి. దాని ధర తెలుసుగా. స్టీల్ గుళ్లు ఈ గొట్టంలో వేయాలనుకునేవాళ్లు ముందు తుపాకీ పనివాడిని అడగండి.

పాతగొట్టం:
మూడోపాట గారూ, పగులుతుందని నేను అనలేదు. మీరే అనుకుని మీరే జవాబిస్తున్నారు. నేను చెప్పేది మరమ్మతు గురించి. 26 థౌ గొట్టానికి సొట్ట పడితే లేపి, సాఫు చేసి, 24తో బయటపడతాం. 18కి సొట్ట పడితే? తట్టి లేపే సరికే సాగిపోతుంది. ఆకురాయి పెట్టే చోటే లేదు. లోపల గుంట పడితే లాప్ చేద్దామంటే .737కీ .740కీ మధ్య మూడు థౌ ఉంది. అది దాటిన క్షణం ప్రూఫ్ బయట. మళ్లీ ప్రూఫ్‌కి పంపాలి. బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో ఉన్న ప్రూఫ్ హౌస్‌లో ముందు కంటితో చూస్తారు. సొట్ట, గుంట, వదులు కనిపిస్తే కాల్చకుండానే వెనక్కి పంపుతారు. ప్రూఫ్ లేనిది అమ్మడమే నేరం. అంటే మీ చేతిలో ఉన్నది గోడకు వేలాడదీసుకునే కట్టె. ఒక్క సొట్ట చాలు. కంచె దాటుతూ కర్రకు తగిలినా పడుతుంది.

బాక్స్‌లాక్‌బాబాయ్:
గొట్టాలు తుపాకీ నుంచి విడదీసి, లంప్ (గొట్టాల అడుగున ఉండే ఇనుప ముద్ద) కింద వేలితో పట్టి వేలాడదీసి గోటితో కొట్టి చూడమని కూడా చెప్పాలి. గంటలా మోగాలి. గరగరమంటే రిబ్ (రెండు గొట్టాలను కలిపే పట్టీ) ఊడుతోంది. ఈ లాట్‌కి నలుపు కొత్తగా వేశారు కదా, అది ఏ పద్ధతో అడుగు. పాత బ్రిటిష్ గొట్టాలకు రిబ్బులు మెత్తటి టంకంతో అతికిస్తారు. తుప్పు పట్టించి గీకే నెమ్మది పద్ధతిలో చేస్తే ఫర్వాలేదు. వేడి క్షార లవణాల తొట్టిలో ముంచి ఉంటే ఆ క్షారం టంకాన్ని తింటుంది, రిబ్ కింద మిగిలి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. ఫోరెండ్ విషయం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మూడోపాట:
సొట్ట పడితే అన్నారు. పడితే కదా. పడేదాకా నేను వాడుకుంటా. లండన్ సైడ్‌లాక్ మంచి గొట్టాలతో కావాలంటే ఎన్ని రెట్లు పెట్టాలో మీకూ తెలుసు. సన్నని గొట్టం వల్లే ఇది సామాన్యుడి చేతికి అందుతోంది. మీలాంటివాళ్లు 20, 20 అని జపం చేసి బాగున్న వాటిని కూడా చెత్తబుట్టలో వేయించారు. వేలం కంపెనీలు చేసేదీ అదే. కనిష్ఠం 18 అని ఒక అంకె పడేస్తారు. ఎక్కడ కొలిచారు, గొట్టం చుట్టూ తిప్పితే ఎంత వచ్చింది, అది చెప్పరు. చుట్టూ 18 వేరు, ఒక పక్క 18 ఎదురు పక్క 27 వేరు. రెండోది బోరు మధ్యకు లేకపోవడం, మొదటి రోజు నుంచీ అంతే.

పాతగొట్టం:
సామాన్యుడి మీద అంత ప్రేమ ఉంటే బర్మింగ్‌హామ్ బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం యాక్షన్ లోపలే ఉండేది) కొనమనండి. ఆన్సన్, డీలీ 1875లో పేటెంట్ చేసిన యాక్షన్, భాగాలు తక్కువ, ఏ పనివాడైనా బాగుచేస్తాడు. అదే డబ్బుకు 27 థౌ గొట్టాలతో వస్తుంది. లేదు, తాళం ప్లేటు మీద లండన్ అడ్రసు ఉండాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అందులో ఎన్నింటిని బర్మింగ్‌హామ్‌లోనే చేసి లండన్ దుకాణంవాడు పేరు చెక్కించుకున్నాడో!

మూడోపాట:
అదిగో, అసలు మాట వచ్చింది. పేరున్న తుపాకీ పేరులేనివాడి చేతిలో ఉండటం మీకు గిట్టదు.

పాతగొట్టం:
నోరు జాగ్రత్త.

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆగండి. తుపాకీ గురించి రాయండి, ఒకరి గురించి ఒకరు కాదు.

పాతగొట్టం:
సరే, సూటిగా చెబుతా. ఆ తుపాకీని వందేళ్లు నలుగురైదుగురు వాడి ఇంకొకరికి అప్పగించారు. నువ్వు ఇరవయ్యేళ్లు వాడి తర్వాతివాడికి అప్పగించలేని స్థితిలో ఉన్నదాన్ని కొనడం నాకు నచ్చదు. 18 అంటే చివరి చెయ్యి నీదే. స్లీవింగ్ చేయించి గొట్టాలు కొత్తవి వేస్తే బతుకుతుంది. వెనక మూడు అంగుళాలు ఉంచి ముందుది కోసి కొత్త గొట్టాలు దిగ్గొట్టి, ప్రూఫ్ చేయించి, స్లీవ్డ్ అని ముద్ర వేయిస్తారు. కానీ దానికయ్యే ఖర్చు పాడిన ధరను మించుతుంది, విలువ మాత్రం ఆ మేరకు పెరగదు.

మూడోపాట:
ఇప్పుడు దారికొచ్చారు. నాది సరిగ్గా దానికి ఎదురు. కాల్చడానికి చేసిన వస్తువు కాల్చి కాల్చి అయిపోవాలి. చివరి చెయ్యి నాదైతే నాకు చిన్నతనం లేదు. తర్వాతివాడి కోసం బీరువాలో నూనె రాసి పెట్టడానికి నేను కాపలాదారును కాను. దీని మీద మనకు కుదరదు, థౌలు కొలిచి లాభం లేదు.

లెస్టర్‌కాడ:
చూసి వచ్చాను. వాళ్ల గేజ్‌తోనే ఎడమ గొట్టం చుట్టూ తిప్పించా. బయటి పక్క 18, ఎదురు పక్క 26, సన్నని చోటు వెనక అంచు నుంచి 13 అంగుళాల దగ్గర.

మూడోపాట:
చెప్పానా. బోరు మధ్యకు లేదు. లాప్ కథ ముగిసింది.

పాతగొట్టం:
అయినా సన్నని పక్క 18 అలాగే ఉందిగా. సొట్ట ఏ పక్క పడాలో మనల్ని అడిగి పడుతుందా?

బాక్స్‌లాక్‌బాబాయ్:
ఫోరెండ్ తీశావా తమ్ముడూ?

లెస్టర్‌కాడ:
తీశా బాబాయ్. మోగించి చూస్తే బాగానే మోగింది, నలుపు నెమ్మది పద్ధతే అన్నారు. కానీ ఫోరెండ్ లేకుండా ఊపితే గొట్టాలు కదులుతున్నాయి. కిటికీకి పెట్టి చూస్తే సన్నని వెలుతురు గీత. సిగరెట్ కాగితం దూరింది.

బాక్స్‌లాక్‌బాబాయ్:
లంప్ హుక్‌లో (గొట్టాలు తిరిగే పిన్‌ను పట్టుకునే వంపులో) సుత్తిదెబ్బల మచ్చలు ఉన్నాయేమో చూశావా? ఉంటే ఎవరో ఒకసారి కొట్టి బిగించారు, అది కొన్ని వందల తూటాలకే మళ్లీ వదులవుతుంది. సరైన పని అంటే లావుపాటి కొత్త పిన్ వేయాలి, లేదా హుక్‌కి లోహం అతికి ఆకురాయితో సరిచేయాలి. పనివాడి అంచనా రాయించుకుని దాన్ని నీ పాటలోంచి తీసెయ్. వేలంవాళ్లు పాట మీద తీసుకునే ప్రీమియం 25 శాతం అనుకో, దాని మీద 20 శాతం వ్యాట్, కలిపి 30. 700కి పాడితే 910 కట్టాలి. ఆ పైన పిన్ ఖర్చు.

లెస్టర్‌కాడ:
మచ్చలున్నాయి. రెండు.

బాక్స్‌లాక్‌బాబాయ్:
అయితే 500 దాటొద్దు. అదే వేలంలో వెబ్లీ బాక్స్‌లాక్ ఏదైనా ఉందేమో లాట్ నంబరు పెట్టు, చూద్దాం.