పాత టీవీ ఇంటర్వ్యూలు కోతల్లేకుండా ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్కారం. ప్రపంచ రాజకీయాలు, సంస్కృతి మీద వచ్చిన పాత టీవీ ఇంటర్వ్యూలంటే నాకు ప్రాణం. కానీ ఇప్పుడు ఎక్కడ వెతికినా రెండు మూడు నిమిషాల ముక్కలే కనిపిస్తున్నాయి. 1977లో బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలనే తీసుకోండి. అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్న ఆ ఒక్క మాటే తిరుగుతుంటుంది. ఆ మాట దాకా ఆయన్ని ఏ ప్రశ్నలు తీసుకొచ్చాయో తెలియకపోతే అసలు విషయం సగం పోయినట్టే.

బీబీసీలో జాన్ ఫ్రీమన్ చేసిన 'ఫేస్ టు ఫేస్' అనే ఇంటర్వ్యూ కార్యక్రమం నాకు ఇంకా ఇష్టం. 1959లో అందులో మనస్తత్వవేత్త యూంగ్ కూడా మాట్లాడారు. కెమెరా దాదాపు ఎప్పుడూ అతిథి ముఖం మీదే ఉంటుంది, ఫ్రీమన్ వీపు తప్ప పెద్దగా కనిపించరు. జవాబు వెతుక్కునే క్షణం కూడా మనకు అందుతుంది. ఇప్పటి చర్చల్లో ఆ తీరికే లేదు!

ఇలాంటివి చట్టబద్ధంగా, మొదటి నుంచి చివరిదాకా చూడగలిగే ఆర్కైవ్‌లు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. వీడియో లేకపోతే పూర్తి రాతప్రతి అయినా చాలు. రచయితలు, సంగీతకారులతో చేసినవి ఉంటే మరీ సంతోషం. సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కూడా రాయండి, యాస కొన్నిచోట్ల అందడం లేదు.