కెన్యా బడిపిల్లలకు పాఠాలు చెప్పాలంటే స్పెషల్ పాస్ కావాలా?
హైదరాబాద్ నుంచి మా చర్చి యువజన బృందం జూలైలో కెన్యాలోని కిసుము దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకు సేవకు వెళ్తోంది. ఆగస్టులో అక్కడ బడులకు సెలవులు, అందుకే తేదీ జరపలేం. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు, అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ 6 రోజుల వరకు క్వారంటైన్. కాబట్టి ఆ పని ముందే పెట్టుకున్నాం. విక్టోరియా సరస్సు పక్కన మలేరియా ఎక్కువ, దోమతెరలూ మాత్రలూ సిద్ధం.

తేలనిది అనుమతుల సంగతే. మామూలు ఈటీఏతో (కెన్యాకు వెళ్లేందుకు ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) వెళ్లి తరగతిలో పాఠం చెప్పొచ్చా, లేక స్పెషల్ పాస్ (కొద్దికాలం పనిచేయడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తీసుకోవాలా? దరఖాస్తు ఎవరు పెట్టాలి, మేమా, ఆ బడివాళ్లా?

ఇంకోటి. గదికి 60 మంది పిల్లలు, కరెంటు లేదు. ప్రొజెక్టర్ మోసుకెళ్లడం శుద్ధ దండగ. స్వాహిలి రాకుండా 1, 2 తరగతుల వాళ్లతో ఏ లెక్కల ఆటలు ఆడించొచ్చు? పిల్లల ఫొటోలకు హెడ్మాస్టరు మాట చాలా, తల్లిదండ్రుల సంతకాలు కూడా కావాలా?