అరకు ఘాట్‌లో పద్మినికి పికప్ చాలట్లేదు, ట్యూనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖ_పద్మిని:
అందరికీ నమస్కారం. నాది 1986 ప్రీమియర్ పద్మిని, పెట్రోల్, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్ ఉండే మోడల్. నాన్నగారు కొన్న బండి. కవర్ కప్పి షెడ్డులో పెట్టుకునేది కాదు, ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక ఆఫీసుకి రోజూ ఇందులోనే వెళ్తా. ఊళ్ళో పర్లేదు గానీ ఇంట్లో నలుగురం ఎక్కి సింహాచలం కొండెక్కినా, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినా బండి లోడ్ తీసుకోవట్లేదు, సెకండ్‌లో మూలుగుతూ వెళ్ళి మలుపు రాగానే ఫస్ట్‌కి దించాల్సి వస్తోంది. హైవే మీద 70 దాటాక ఎంత తొక్కినా ఇంక లేవదు. ఒకాయన ప్రీమియర్ 118 ఎన్ఈ కారు ఇంజన్ ఎక్కించేయమంటాడు, ఇంకొకాయన డబుల్ కార్బొరేటర్ అంటాడు, మా మెకానిక్ హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పై భాగం అడుగు చదునుగా కోయడం) చేయిస్తే చాలంటాడు. నాకు రేసింగ్ ఏమీ వద్దు, రోజువారీ పికప్ కాస్త పెరిగితే చాలు. డబ్బు మొదట ఎక్కడ పెట్టాలో చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_బెజవాడ:
నమస్తే అండి. ముందు ఒక్క రూపాయి కూడా పార్టుల మీద పెట్టకండి. ఈ ఇంజన్ కొత్తలోనే 40 బీహెచ్‌పీ చుట్టుపక్కల ఇచ్చేది, ఇన్నేళ్ళు తిరిగాక అందులో ఎంత మిగిలిందో తెలియకుండా పైన ఏం తగిలించినా ప్రయోజనం ఉండదు. పోయిన పవర్ వెనక్కి తెచ్చుకుంటేనే మీ సమస్య చాలావరకు తీరిపోతుంది.

మొదట కంప్రెషన్ గేజ్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) పెట్టించండి. ఇంజన్ బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేసి, ఏక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. నాలుగూ 120 పీఎస్ఐ పైన ఉండి, ఒకదానికొకటి పది శాతం లోపు తేడాతో ఉంటే ఇంజన్ కండిషన్‌లో ఉన్నట్టే. ఏదైనా తక్కువొస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, ఆయిల్ పోశాక రీడింగ్ లేస్తే తప్పు పిస్టన్ రింగుల్లో, లేవకపోతే వాల్వులో లేదా హెడ్ గ్యాస్కెట్‌లో.

రెండోది డెల్కో, అంటే ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్. పద్మినీల్లో పికప్ పోవడానికి పెద్ద కారణం ఇదే, చాలామంది దీని జోలికే వెళ్ళరు. మూత తీసి రోటర్ కింద షాఫ్ట్‌ని వేళ్ళతో పక్కలకి ఊపి చూడండి, ఊగిందంటే బుష్ అరిగిపోయినట్టు, అప్పుడు పాయింట్ గ్యాప్ ఎంత జాగ్రత్తగా పెట్టినా నిలబడదు, నాలుగు సిలిండర్లకీ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) నాలుగు రకాలుగా వస్తుంది. తర్వాత రోటర్‌ని అది తిరిగే వైపు కొంచెం తిప్పి వదలండి, స్ప్రింగుతో టక్కున వెనక్కి రావాలి. రాకపోతే కింద అడ్వాన్స్ వెయిట్లు ఎండిపోయిన గ్రీజులో ఇరుక్కుని ఉన్నాయి. అవి కదలకపోతే ఐడిలింగ్‌లో ఇంజన్ బ్రహ్మాండంగా ఆడుతుంది, స్పీడు పెరిగే కొద్దీ స్పార్క్ ముందుకి జరగదు కాబట్టి బండి లేవదు. మీరు చెప్పిన 70 దగ్గర ఆగిపోవడం అచ్చం దీనిలాగే ఉంది.

టైమింగ్ చెవితో పెట్టించుకోకండి, టైమింగ్ లైటుతో మాన్యువల్‌లో ఉన్న నంబరుకి పెట్టించి, తర్వాత రోడ్డు మీద టాప్ గేర్‌లో 40లో వెళ్తూ ఒక్కసారిగా ఫుల్ తొక్కి చూడండి. సన్నగా నాకింగ్ (ఇంజన్లో టకటక చప్పుడు) వినబడి స్పీడు అందుకోగానే పోవాలి. అసలు రాకపోతే టైమింగ్ వెనక ఉంది, పోకుండా అలాగే కొడుతుంటే ముందుకి ఎక్కువైంది.

ఇంకోటి, బండి ఈడ్చుకుపోవడానికి ఇంజనొక్కటే కారణం కాదు. నాలుగూ డ్రమ్ బ్రేకులే కదా, కొంతదూరం బ్రేక్ తక్కువ వాడుతూ నడిపి ఆగాక ప్రతి చక్రం హబ్ మీదా చెయ్యి దగ్గర పెట్టి చూడండి. ఒకటి మాత్రం కాలిపోతుంటే ఆ బ్రేక్ పట్టేసి ఉంది, మీ పవర్ అక్కడ వేడైపోతోంది.

అరకు విషయంలో మాత్రం బండిని మరీ తప్పు పట్టకండి. అక్కడ ఎత్తు 900 మీటర్ల పైనే, గాలి పలచబడి ఏ కార్బొరేటర్ ఇంజన్‌కైనా పదో వంతు పవర్ తగ్గిపోతుంది, మిక్స్చర్ కూడా కొంచెం రిచ్ (గాలికి పెట్రోల్ ఎక్కువ) అవుతుంది.

ఫియట్_సికింద్రాబాద్:
అన్నా, 118 ఎన్ఈ ఇంజన్ గురించి నేను చెప్త, మా కజిన్ పద్మినికి దగ్గరుండి ఎక్కిపిచ్చిన. అది నిస్సాన్ ఏ12 ఇంజన్, 1171 సీసీ, 52 బీహెచ్‌పీ. తేడా మస్తు తెలుస్తది, ఇంజన్ కూడా సాఫీగ ఉంటది. కానీ ఇంజన్ ఒక్కటి దించి పెడితే అయిపోయే పని కాదు. మౌంటింగులు కొత్తగ కొట్టాలె, గేర్‌బాక్స్ కూడా నిస్సాన్‌దే పడ్తది కాబట్టి స్టీరింగ్ గేర్ పోయి ఫ్లోర్ గేర్ అయితది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత మారుతది, సైలెన్సర్ పైపు మళ్ళ వంచాలె. అన్నిటికంటే ముఖ్యం ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్‌టీఓ దగ్గర అనుమతి తీసుకొని ఆర్‌సీల ఎక్కిపియ్యాలె. 15 ఏండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ టైమ్‌ల ఇన్‌స్పెక్టర్ ఇంజన్ నంబర్ చూస్తడు, కలవకపోతే ఆడనే ఆగిపోతది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల గూడా ఇదే పంచాయితీ. మీ నాన్న కొన్న బండి అంటున్నరు, ఒరిజినల్ ఇంజన్ ఉంచుకోండి. నాకైతే ఆ స్టీరింగ్ గేర్ లేని పద్మిని పద్మిని లెక్కనే అనిపియ్యదు.

డబుల్ కార్బొరేటర్ అయితే అసలే వద్దు. పెద్ద నోరు పెడితే ఫుల్ స్పీడుల గాలి ఎక్కువ పోతది గానీ, తక్కువ ఆర్‌పీఎంల గాలి వేగం పడిపోయి పెట్రోల్ సరిగ్గ కలవది. మీకు కావాల్సింది కిందికెళ్ళి వచ్చే పికప్, అది ఇంకా తగ్గుతది.

విశాఖ_పద్మిని:
ఇద్దరికీ చాలా థాంక్స్. మొన్న ఆదివారం గేజ్ పెట్టించా. ఒకటో సిలిండర్ 125, రెండు 122, మూడు 85, నాలుగు 120. మూడోదాంట్లో ఆయిల్ పోసి చూస్తే 88, అంటే లేవనట్టే. డెల్కో వెయిట్లు మీరన్నట్టే బిగుసుకుపోయి ఉన్నాయి, కిరసనాయిల్‌తో కడిగి సన్నటి ఆయిల్ వేశాక రోటర్ వదిలితే టక్కున వస్తోంది, షాఫ్ట్ ఊగట్లేదు. ఈ ఒక్క పనికే హైవే మీద తేడా కనిపించింది, 80 దాకా హాయిగా వెళ్తోంది. ఇప్పుడు మూడో సిలిండర్ కోసం హెడ్ దించాలా? దించితే ఎలాగూ ఫేసింగ్ చేయించేయనా?

ఆటోనగర్_బెజవాడ:
వెయిట్లు కదిలాయి కాబట్టి టైమింగ్ లైటుతో మళ్ళీ ఒకసారి చూపించండి. 85 అంటే వాల్వు పనే అనిపిస్తోంది, కానీ హెడ్ దించే ముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూడోదాని ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) చూడండి. దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది, పాత వాల్వు సీట్లకి (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులకి) సీసమే రక్షణగా ఉండేది, అది పోయాక లోడ్ మీద తిరిగే బండ్లలో ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, దిగే కొద్దీ ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ పోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి సీటులోకి దిగక అంచు కాలిపోతుంది. గ్యాప్ సరిచేశాక కంప్రెషన్ 120కి వచ్చేస్తే మీ అదృష్టం, రాకపోతే హెడ్ దించక తప్పదు.

దించాక మాత్రం సగం పని చేయించకండి. నాలుగు ఎగ్జాస్ట్ సీట్లూ గట్టి రకం వేయించి, గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) చూపించి, వాల్వులు సీట్లకి అతికేలా ల్యాపింగ్ చేయించండి. హెడ్ అల్యూమినియం కాబట్టి ఎప్పుడైనా ఓవర్‌హీట్ అయి ఉంటే వంగి ఉంటుంది, ఆ వంకర పోయేంత ఫేసింగ్ ఎలాగూ తప్పదు. అంతకు మించి కంప్రెషన్ పెంచడానికి ఎంత తీయాలన్నది లెక్క కట్టి తీయాలి, లేత్ దగ్గర అందాజుగా చెప్పేది కాదు. సిలిండర్‌కి 272 సీసీ. కంప్రెషన్ రేషియో 7.5 అనుకుంటే గ్యాస్కెట్ మందంతో కలిపి పైన మిగిలే జాగా 42 సీసీ ఉంటుంది, 8.3కి తేవాలంటే 37 సీసీ చుట్టూ ఉండాలి. హెడ్ బోర్లించి ప్లగ్గు, వాల్వులు బిగించి, పైన అద్దం ముక్క గ్రీజుతో అంటించి, బ్యూరెట్‌తో ఆయిల్ పోస్తే ఇప్పుడు ఎంతుందో తెలుస్తుంది. చాంబర్ బోరంత వెడల్పు ఉందనుకుంటే ఒక మిల్లీమీటరు తీస్తే మూడున్నర సీసీ తగ్గుతుంది.

దీనివల్ల వచ్చేది ఎంతంటే మూడు శాతం చుట్టూ, అంటే బీహెచ్‌పీ, బీహెచ్‌పీన్నర. కానీ అది కింది ఆర్‌పీఎం నుంచీ వస్తుంది, ఘాట్‌లో పనికొస్తుంది. మూడో సిలిండర్ బాగుపడితే వచ్చేది దీనికి ఎన్నో రెట్లు. రీబోర్ (సిలిండర్ లోపల కోసి వెడల్పు చేయడం) ఇప్పుడు అక్కర్లేదు, మిగతా మూడు రీడింగులూ బాగున్నాయి. 68 బోర్‌కి ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసినా 1121 సీసీ అవుతుంది, అంతే. పవర్ కోసం మంచి బోరు కోయించుకోవడం నాకు నచ్చదు.

గుంటూరు_జెట్:
ఒక మాట నేనూ కలుపుతా. ఇప్పుడు బంకుల్లో ఈ20 వస్తోంది కదా, అందులో ఐదో వంతు ఇథనాల్. మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు, అంటే అదే జెట్‌తో (పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) మన కార్బొరేటర్ ఎనిమిది శాతం దాకా లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువగా నడుస్తున్నట్టు. లీన్ అయితే పికప్‌లో వెలితి, ఎక్కుడులో వేడి, ఎగ్జాస్ట్ వాల్వుకి ఇంకా కష్టం. హెడ్ పని అయ్యాక మెయిన్ జెట్ మీద నంబరు చూడండి, ఉదాహరణకి 120 ఉంటే 125 వేసి చూడాలి. పాత జెట్‌ని సూదితో పెద్దది చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, రంధ్రం గుండ్రం పోతే ఏ నంబరో ఎవరికీ తెలియదు. ప్లగ్గు పింగాణీ లేత గోధుమ రంగులోకి వస్తే సరిపోయినట్టు, తెల్లగా ఉంటే ఇంకా లీన్.

పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి. పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఇంజన్ పక్కనే కారితే మంట అంటుకుంటుంది, దీన్ని వాయిదా వేయకండి. 100 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే పవర్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఆక్టేన్ అంటే నాకింగ్ తట్టుకునే గుణం మాత్రమే, మన కంప్రెషన్‌కి అంత అవసరం లేదు.

విశాఖ_పద్మిని:
ట్యాపెట్ చూశానండి, మూడో ఎగ్జాస్ట్‌కి గ్యాప్ అసలు లేదు, ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా సన్న రేకు కూడా దూరలేదు. గ్యాప్ పెట్టాక కంప్రెషన్ 97 దగ్గర ఆగింది. హెడ్ దించుతున్నాం, సీట్లు నాలుగూ గట్టివే వేయమని చెప్పా, పైపులు ముందే మార్పించేశా. గైడ్లు కంచువి వేయించాలా, పాత రకమే చాలా?

ఆటోనగర్_బెజవాడ:
ముందు పాతవాటిలో కొత్త వాల్వు పెట్టి ఊపి చూడమనండి. ఊగకపోతే అవే ఉంచండి. మార్చాల్సి వస్తే కంచువే వేయించండి, అప్పుడు సీట్లు కోసేది మాత్రం గైడ్లు బిగించాకే, వరస తప్పితే వాల్వు సీటు మీద మధ్యలో కూర్చోదు.