పక్క గొంతులోకి నా స్వరం జారిపోతోంది, ఎలా ఆపాలి?

లిథువేనియా క్యాథలిక్ ఫాదర్ అడోల్ఫాస్ సబల్యౌస్కాస్ (1873–1950) సేకరించిన సుతార్తినే (పలు గొంతులు కలిపి పాడే అక్కడి జానపద గీతాలు) పాటలంటే నాకు ప్రాణం. ఆయన నొటేషన్లు 1916లో హెల్సింకీలో అచ్చయ్యాయి. నేను, అక్క, పిన్ని కలిసి ముగ్గురు పాడే రకం నేర్చుకుంటున్నాం: ఒకరి తర్వాత ఒకరు అందుకోవాలి, ఎప్పుడూ రెండు గొంతులే కలిసి వినిపించాలి, అదీ స, రి లాంటి పక్కపక్క స్వరాల్లో ఒరుసుకుంటూ.

మూడు వారాలుగా రోజూ అరగంట సాధన. విడిగా బాగానే పాడతాం, కలిసి మొదలెట్టిన పది సెకన్లకే నా 'రి' అక్క పాడే 'స'లోకి జారిపోతుంది. శ్రుతిపెట్టె పెడితే ఇంకా తొందరగా జారింది. లయ కొట్టే మెట్రోనోమ్ వేగం నిమిషానికి 60 దెబ్బలకి తగ్గించినా లాభం లేదు. చెవి మూసుకుంటే నిలుస్తుంది కానీ ఆ ఒరిపిడి వినపడదు, అది వినడానికే కదా ఈ పాటలు!

బృందగానం చేసేవాళ్లు చెప్పండి, పక్క గొంతు వింటూనే నా స్వరం మీద నిలబడాలంటే ఏ సాధన చేయాలి?