ఏడాది మధ్యలో చేరే పిల్లలు, కొత్త టీచర్లు స్కూలుకి అలవాటుపడాలంటే ఏం చేయాలి?

ఆరో తరగతి టీచర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కొత్తగా చేరే పిల్లల్నీ, కొత్తగా వచ్చే టీచర్లనీ చూసుకునే బాధ్యత వచ్చే ఏడాది నుంచి నాకు అప్పగించారు. ఇప్పటిదాకా మా స్కూల్లో జరుగుతున్నది ఇదీ: మొదటి రోజు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ గారు మాట్లాడతారు, రూల్స్ పుస్తకం ఇస్తారు, బిల్డింగంతా ఒకసారి తిప్పి చూపిస్తాం. ఆ తర్వాత ఎవరి క్లాసుకి వాళ్ళు.

ఏడాది మొదట్లో చేరేవాళ్ళతో పెద్దగా ఇబ్బంది లేదు. చాలామంది కొత్తవాళ్ళే ఉంటారు కాబట్టి కలిసిపోతారు. నా బెంగంతా మధ్యలో వచ్చేవాళ్ళ గురించే. పోయిన ఏడాది సగం సిలబస్ అయ్యాక ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. లంచ్ టైమ్‌లో బాక్స్ పట్టుకుని మెట్ల కింద ఒక్కతే కూర్చునేది. ఎలా ఉందమ్మా అంటే "బానే ఉంది మేడమ్" అనేది, అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు. ఇంచుమించు అదే సమయంలో వచ్చిన లెక్కల సార్ ఏడాది పూర్తి కాకుండానే మానేశారు. పాఠం చక్కగా చెప్పేవారు. ఎందుకు వెళ్ళిపోతున్నారని ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

పిల్లలకి తోడుగా ఎవర్ని పెట్టాలి? క్లాసులో మాట్లాడే భాష రాని పిల్లలు వస్తే ఎలా? టీచర్ల విషయంలో ఏం చేయగలం? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

స్టాఫ్‌రూమ్ కిటికీ:

మేడమ్, ఈ బాధ్యత మీకు ఇచ్చినందుకు సంతోషం. చాలా స్కూళ్ళలో ఇది అసలు ఎవరి పనీ కాదు. నేను చాలా ఏళ్ళుగా క్లాస్ టీచర్‌గా ఉన్నాను, బదిలీల మీద నేనే ఎన్నోసార్లు కొత్త మనిషిగా వెళ్ళాను. అందుకే ఈ విషయం నాకు మనసుకి దగ్గరగా ఉంటుంది.

ముందుగా ఒక మాట. మొదటి రోజు మీద మీ శక్తి అంతా పెట్టకండి. ఆ రోజు అందరూ పలకరిస్తారు, పేరు అడుగుతారు, బెంచీ మీద చోటిస్తారు. అసలు కష్టం రెండు మూడు వారాలు గడిచాక మొదలవుతుంది. అప్పటికి ఆ పిల్ల మీద అందరి ఆసక్తీ తీరిపోతుంది, స్నేహాలు మాత్రం ఇంకా కుదరవు. హోంవర్క్ తేకపోతే "కొత్తమ్మాయి కదా" అనే మినహాయింపు కూడా ఉండదు. మీ డైరీలో చేరిన తేదీ పక్కనే మూడో వారం, ఆరో వారం కూడా రాసిపెట్టుకోండి. ఆ రోజుల్లో తప్పకుండా మాట్లాడండి.

ఇక మీరు చెప్పిన మెట్ల కింది సంగతి. పీరియడ్ నడుస్తున్నంతసేపూ కొత్త పిల్లలకి పెద్ద ఇబ్బంది ఉండదు. ఎక్కడ కూర్చోవాలో, ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. బెల్ కొట్టి అందరూ లేచిన ఆ ఒక్క నిమిషమే భయంకరం. ఎవరి జట్టు వాళ్ళకి ఉంటుంది, వీళ్ళు డబ్బా చేత్తో పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక బ్యాగు సర్దుతున్నట్టు నటిస్తూ ఉండిపోతారు. గమనించండి, జిప్ వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. లంచ్ బెల్‌కి ముందే, ఎవరితో కలిసి వెళ్తుందో, ఎక్కడ కూర్చుంటుందో ఆ పిల్లకి తెలిసి ఉండాలి. క్లాసంతటికీ కలిపి "కొత్తమ్మాయిని మీతో కూర్చోబెట్టుకోండి" అంటే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. పేరు పెట్టి చెప్పాలి, ఆ పిల్లలతో విడిగా, ముందుగా మాట్లాడాలి.

తోడుగా ఒక్కర్ని కాకుండా ఇద్దర్ని పెట్టండి. ఒక్కరే అయితే వాళ్ళు సెలవు పెట్టిన రోజున కథ మొదటికొస్తుంది, పైగా ఆ బరువంతా ఒక్కళ్ళ మీదే పడుతుంది. క్లాస్ లీడర్నో ఫస్ట్ ర్యాంకు పిల్లనో పెట్టడం మనకి అలవాటు. వాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. ముందు ఏడాది కొత్తగా చేరిన పిల్లలు ఉంటే వాళ్ళే నయం. ఏ బాత్‌రూమ్ తలుపు గడియ పడదో, డ్రాయింగ్ పీరియడ్‌కి ఏ గదికి వెళ్ళాలో చెప్పాలన్న సంగతి వాళ్ళకి తడుతుంది. చిన్నప్పట్నుంచీ అక్కడే ఉన్నవాళ్ళకి అవి చెప్పాల్సిన విషయాలే అనిపించవు.

మాట కలవాలంటే చేతిలో ఏదైనా పని ఉండాలి. లైబ్రరీ పుస్తకాలు సర్దడం, ల్యాబ్ సామాను లెక్క చూడటం లాంటివి ఇద్దరు ముగ్గురికి కలిపి ఇవ్వండి. మాట్లాడుకోండి అని కూర్చోబెడితే పెద్దవాళ్ళం మనమే మాట్లాడలేం.

మొదటి రోజు క్లాసు ముందు నిలబెట్టి నీ గురించి చెప్పమనడం మాత్రం దయచేసి ఆపించండి. పేరు ఎలా పలకాలో అటెండెన్స్‌కి ముందే విడిగా అడిగి తెలుసుకోవాలి. తప్పుగా పలికిన పేరు క్లాసులో వెంటనే నవ్వులాటగా మారుతుంది. అది ఏళ్ళ తరబడి పోదు.

"బానే ఉంది" అనే జవాబు మన ప్రశ్నను బట్టే వస్తుంది. ఎలా ఉంది అని అడిగితే ఏ పిల్లయినా అంతే చెబుతుంది. "నిన్న లంచ్‌లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?", "నోట్స్ ఎవర్ని అడిగి రాసుకున్నావు?" అని అడిగి చూడండి. పేరు వెంటనే వస్తే పర్లేదు. ఆలోచించి, కిందికి చూసి, "ఎవరో" అంటే మీకు విషయం తెలిసిపోతుంది.

చదువు సంగతి కూడా చెప్పాలి. మధ్యలో చేరిన పిల్ల ఒక పాఠం రెండుసార్లు విని ఉంటుంది, ఇంకోటి అసలు విని ఉండదు. పాత స్కూలు నోట్‌బుక్స్ తెప్పించి ఒక సాయంత్రం కూర్చుని చూస్తే ఎక్కడ ఖాళీ ఉందో అర్థమవుతుంది. చేరిన వారంలోనే టెస్ట్ పెట్టి వెనకబడిందని తేల్చేయడం అన్యాయం.

ఇంకొకటి. 2019లో అమెరికాలోని మ్యాడిసన్ నగరంలో మిడిల్ స్కూల్లో అడుగుపెట్టిన ఆరో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. పెద్ద క్లాసు పిల్లలు "మాకూ మొదట్లో భయంగానే ఉండేది, కొన్నాళ్ళకి సర్దుకుంది" అని చెప్పిన మాటలు చదివించి, వాళ్ళ చేత కూడా తమ అనుభవం రాయించారు. చేసింది అంతే. ఆ పిల్లల హాజరు, మార్కులు మెరుగుపడ్డాయి, క్రమశిక్షణ గొడవలు తగ్గాయి. నాకు అందులో నచ్చింది ఏంటంటే, భయపడకు అని ఎవరూ చెప్పలేదు. భయం నీ ఒక్కదానికే కాదు, ఎప్పటికీ ఉండదు అని తెలియజేశారు. మీ తొమ్మిదో తరగతి పిల్లల చేత అలాంటి ఉత్తరాలు రాయించవచ్చు.

భాషా ఉపాధ్యాయురాలు:

భాష రాని పిల్లల గురించి అడిగారు కాబట్టి. అలాంటి పిల్లలు మొదట్లో కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి నోరు విప్పరు. మొండితనం అనుకోకండి, మందబుద్ధి అని అస్సలు అనుకోకండి. వింటుంటారు, లోపల పోగుచేసుకుంటుంటారు. ఆ రోజుల్లో "చెప్పు, చెప్పు" అని బలవంతపెట్టకుండా వేలితో చూపించే, బొమ్మ గీసే, అవును కాదు అని తలూపే జవాబులు ఒప్పుకుంటే చాలు.

దీనికంటే పెద్ద పొరపాటు తర్వాత జరుగుతుంది. ఏడాది రెండేళ్ళలో పిల్లాడు ఆటల్లో గలగలా మాట్లాడేస్తుంటాడు. భాష వచ్చేసిందనుకుని సాయం ఆపేస్తాం. జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు 1979లోనే ఈ తేడా చెప్పాడు. ఆ తర్వాతి పరిశోధనల్లో ఆయన చెప్పింది ఇదీ: రోజువారీ మాటలు సుమారు రెండేళ్ళలో పట్టుబడినా, పాఠ్యపుస్తకం భాషలో తోటివాళ్ళని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చని. ఆటలో మాట్లాడే పిల్లాడే సైన్స్ ప్రశ్నలో "వివరించుము", "పోల్చుము" దగ్గర ఆగిపోతాడు. లెక్క చేయడం వచ్చి కూడా ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకుంటాడు. ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడటం మానేయమని తల్లిదండ్రులకి చెప్పకండి. దానివల్ల మేలు జరగదు, అమ్మానాన్నలతో మాట తగ్గిపోతుంది.

కొత్తగా వచ్చిన సైన్స్ టీచర్:

టీచర్ల గురించి నేను చెబుతాను, నేను ఈ స్కూల్లో చేరి ఎక్కువ కాలం కాలేదు.

కొత్త టీచర్‌కి వచ్చే టైమ్‌టేబుల్ చూడండి చాలు. ఎవరూ వద్దన్న సెక్షన్లు, లంచ్ తర్వాతి పీరియడ్లు, సొంత గది లేకపోవడం. అందరికంటే తక్కువ తెలిసిన మనిషికి అన్నిటికంటే కష్టమైన పని ఇస్తాం. మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడగలిగితే ముందు ఇది మార్పించండి. ఆ లెక్కల సార్‌కి ఒక్కసారి ఫోన్ చేసి, ఆయనకి ఏ సెక్షన్లు ఇచ్చారో, ఎందుకు మానేశారో మర్యాదగా అడిగి తెలుసుకోండి.

తర్వాత, రూల్స్ పుస్తకంలో లేనివి. జిరాక్స్ కావాలంటే ఎవరికి, ఎంత ముందుగా చెప్పాలి? సగం స్టెప్స్ రాస్తే మార్కులు ఎలా వేస్తారు? పేరెంట్‌కి నేనే ఫోన్ చేయొచ్చా, క్లాస్ టీచర్ ద్వారానే వెళ్ళాలా? పిల్లాడిని బయటికి పంపితే ఎవరి దగ్గరికి పంపాలి? ఇవి అడగడానికి మొహమాటం. ప్రతిసారీ ఎవరో ఒకరి పని ఆపి అడగాలి. అసమర్థుడు అనుకుంటారేమోనని టెన్షన్. నాకు ఒక సీనియర్ మేడమ్ "ఏ చిన్న సందేహమైనా నన్నే అడుగు, రోజుకి పదిసార్లైనా సరే" అన్నారు. ఆ మాటతోనే ఊపిరి తీసుకోగలిగాను.

థామస్ స్మిత్, రిచర్డ్ ఇంగర్‌సోల్ 2004లో అమెరికా కొత్త టీచర్ల మీద చేసిన అధ్యయనంలో, అదే సబ్జెక్టుకి చెందిన మెంటర్ (దారి చూపే సీనియర్ టీచర్) ఉన్నవాళ్ళు, తోటి టీచర్లతో కలిసి పాఠాలు ప్లాన్ చేసుకునే సమయం దొరికినవాళ్ళు మొదటి ఏడాది తర్వాత మానేయడం తక్కువగా కనిపించింది. నా అనుభవం కూడా అదే చెబుతోంది. ఇంకో షరతు కూడా పెట్టండి: మెంటర్ చూసినవి పైకి రిపోర్ట్‌గా వెళ్ళకూడదు. వెళ్తుందని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు.

ఆరో తరగతి టీచర్:

అందరికీ చాలా థాంక్స్. పిల్లల విషయంలో దారి కనిపించింది. మెంటర్ దగ్గరే ఆగిపోయాను. మా సీనియర్లు మంచివాళ్ళే, కానీ ఒక్కరికీ ఖాళీ పీరియడ్ లేదు. స్కూల్ అయ్యాక ఉండమంటే ఎలా?

స్టాఫ్‌రూమ్ కిటికీ:

స్కూల్ అయ్యాక ఉండమనకండి మేడమ్. మొదటి వారం ఉంటారు, రెండో వారం ఇంటికి ఫోన్లు వస్తాయి. మెంటర్‌కీ కొత్త టీచర్‌కీ వారంలో ఒకే ఒక్క ఖాళీ పీరియడ్ ఒకే సమయానికి పడేలా చూడండి, ఆ పీరియడ్‌లో ఇద్దరికీ సబ్‌స్టిట్యూషన్ వేయకూడదని రాతపూర్వకంగా అడగండి. ఆ రెండో మాట రాయించకపోతే ఎవరు సెలవు పెట్టినా ముందు పోయేది ఆ పీరియడే. టైమ్‌టేబుల్ వేసే సార్‌ని సెలవుల్లోనే కలవండి, గళ్ళు నిండాక ఆయన కూడా ఏమీ చేయలేరు. మేం ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిన లెటర్ ఒక పేజీ ఉంది, కావాలంటే ఇక్కడ పెడతాను.