మెట్ల గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ మూడేళ్లకే దిగిపోయింది: మళ్లీ ట్యూబులరా, లిథియమా?

సత్యనారాయణపురం_మేడ

విజయవాడ, రెండంతస్తుల ఇల్లు. 900 వీఏ సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) టాల్ ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం. రెండూ డాబా మీద మెట్ల గదిలో ఉన్నాయి. పైన సిమెంటు రేకు, పడమటి గోడ. బ్యాటరీకి మూడేళ్లు దాటింది, బ్యాకప్ రెండు గంటల నుంచి ఇరవై నిమిషాలకు పడిపోయింది. లోడు 4 మామూలు సీలింగ్ ఫ్యాన్లు, 5 ఎల్‌ఈడీ బల్బులు, టీవీ, వైఫై. కోతలు మరీ ఎక్కువేం లేవు. నెలకు రెండు మూడు సార్లు కాసేపు పోతుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, మరమ్మతులకు లైను ఆపడం) తీసుకున్న రోజున మాత్రం పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఉండదు.

షాపులో 100 ఏహెచ్ లిథియం పెట్టించుకోమంటున్నారు. ఇన్వర్టర్ మార్చక్కర్లేదట, నీళ్లు పొయ్యక్కర్లేదట, పదేళ్లు దానివైపు చూడక్కర్లేదట. 150 ఉన్నచోట 100 ఎలా సరిపోతుంది? మన ఎండలకు లిథియం తట్టుకుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

హైడ్రోమీటర్_గుంటూరు

కొత్తది కొనేముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. తప్పు ఇన్వర్టర్‌లో ఉంటే కొత్త బ్యాటరీని కూడా అదే తినేస్తుంది.

బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయ్యాక మెయిన్స్ ఆపి, లోడు తీసేసి, రెండు మూడు గంటలు వదిలేయండి. ఆ తర్వాత ఆరు సెల్స్‌లోనూ యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూడండి. ట్యూబులర్‌కి ఫుల్ ఛార్జ్ మీద 1.240 చుట్టుపక్కల రావాలి. ఐదు సెల్స్ 1.230 చూపించి ఒక్కటే 1.170 దగ్గర ఆగిపోయిందంటే ఆ సెల్ పోయినట్టే, దానికి మందు లేదు. ఆరూ ఒకేలా 1.170, 1.180 చూపిస్తుంటే మాత్రం బ్యాటరీని అనుమానించకండి, దానికి ఛార్జింగ్ సరిగా అందడం లేదు.

అప్పుడు మల్టీమీటర్ తీసుకుని, మెయిన్స్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్స్ మీదే కొలవండి. వైరు చివర కాదు, సీసపు బొడిపె మీద. ఛార్జ్ నిండేటప్పుడు 14.4 వోల్టుల దాకా వెళ్లి, నిండాక 13.5, 13.8 మధ్యకు దిగాలి. దిగకుండా 15 దగ్గరే కూర్చుంటే నీళ్లు మరిగి ప్లేట్లు బయటపడతాయి. ఎప్పుడూ 13.2 దాటకపోతే సగం ఛార్జ్‌లోనే బతికి ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది. క్లాంపుల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పట్టినా ఇదే జరుగుతుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, వాసెలిన్ రాయండి. కడిగేటప్పుడు మూతలన్నీ బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోతే యాసిడ్ చచ్చిపోతుంది.

ఇక మీ అసలు జబ్బు ఆ మెట్ల గది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు లెక్కేసేది 25 డిగ్రీలకు. పైన ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుంది. రోహిణి కార్తెలో రేకు కింద, పడమటి గోడ పక్కన బ్యాటరీ లోపలి వేడి 45 దాటడం వింతేం కాదు. ఏడాదంతా అలా ఉండదు కాబట్టి మూడేళ్లయినా లాగింది.

వేడితో ఇంకో తిరకాసు ఉంది. డిగ్రీ పెరిగేకొద్దీ సెల్‌కి 3 మిల్లీవోల్టుల చొప్పున ఛార్జింగ్ వోల్టేజి తగ్గించాలి. ఆరు సెల్స్, 20 డిగ్రీలు అంటే 0.36 వోల్టు. అంటే చల్లని గదిలో 13.7 సరైనదైతే మీ మెట్ల గదిలో 13.3 చాలు. కొన్ని ఇన్వర్టర్లలో ఈ సర్దుబాటు ఉంటుంది గానీ, చాలావాటిలో సెన్సర్ ఇన్వర్టర్ డబ్బాలోనే ఉంటుంది. పక్కనున్న బ్యాటరీ ఎంత కాగుతోందో దానికేం తెలుసు?

వాట్లలెక్క

100, 150 ప్రశ్నకు జవాబు. ట్యూబులర్ మీద 150 ఏహెచ్ అని రాసేది 20 గంటల లెక్కన, అంటే గంటకు 7.5 ఆంపియర్లు మెల్లగా లాగితే. మీరు అలా లాగడం లేదు.

ఫ్యాన్లు 4 × 75 = 300, బల్బులు 45, టీవీ 80, రూటర్ 10. మొత్తం 435 వాట్లు. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది సుమారు 43 ఆంపియర్లు. అంత గట్టిగా లాగితే ట్యూబులర్ తనలో ఉన్నదంతా ఇవ్వదు, 60-65 శాతం దగ్గర చేతులెత్తేస్తుంది. 95 ఏహెచ్ వచ్చిందనుకోండి, రెండుంపావు గంటలు.

లిథియం, అంటే ఇన్వర్టర్లకు వాడే ఐరన్ ఫాస్ఫేట్ రకం, 12.8 వోల్టులు × 100 = 1280 వాట్-అవర్లు. గట్టిగా లాగినా పెద్దగా తగ్గదు. 90 శాతం వాడి, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే 980. దాన్ని 435తో భాగించినా రెండుంపావే. షాపతను చెప్పింది ఈ లోడు మీద నిజమే.

ఇప్పుడు నాలుగు ఫ్యాన్లూ బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తీసుకునే మోటారున్నవి) పెట్టండి. ఒక్కోటి ఫుల్ స్పీడు మీద 30 వాట్లు. లోడు 255కి దిగుతుంది, బ్యాటరీ మీద 25 ఆంపియర్లు. ఇంత నెమ్మదిగా లాగితే ట్యూబులర్ 115 ఏహెచ్ దాకా ఇస్తుంది, నాలుగున్నర గంటలు. లోడు తగ్గింది 41 శాతం, బ్యాకప్ మాత్రం రెట్టింపు! అదే 255 మీద 100 ఏహెచ్ లిథియం మూడు గంటల యాభై నిమిషాలు. అంటే ఫ్యాన్లు మార్చాక ట్యూబులరే ముందుంటుంది. కాబట్టి డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టండి, ఆ తగ్గింపు కరెంటు బిల్లులోనూ కనిపిస్తుంది. మామూలు రెగ్యులేటర్ మాత్రం తీసేయించండి. బీఎల్‌డీసీకి రిమోట్ ఉంటుంది, దాని వెనక పాత రెగ్యులేటర్ ఉంటే లోపలి బోర్డు దెబ్బతింటుంది.

బీఎంఎస్_భవానీపురం

పై లెక్క సరైనదే. "ఇన్వర్టర్ మార్చక్కర్లేదు" అన్న ముక్క దగ్గరే ఆగాలి.

లిథియం ప్యాక్‌లో నాలుగు సెల్స్ వరసగా ఉంటాయి, వాటికి కాపలాగా బీఎంఎస్ అనే బోర్డు. సెల్ 2.5 వోల్టులకు దిగితే, అంటే ప్యాక్ 10 వోల్టుల దగ్గర, ఈ బోర్డు మొత్తం తెంచేస్తుంది. అప్పుడు టెర్మినల్ మీద దాదాపు సున్నా కనిపిస్తుంది. కరెంటు వచ్చాక పాత రకం ఇన్వర్టర్ బ్యాటరీ వైపు చూసి "ఇక్కడ బ్యాటరీయే లేదు" అనుకుని ఛార్జింగ్ మొదలుపెట్టదు. మామూలు ఇన్వర్టర్ 10.5 దగ్గర ఆపుతుంది కదా అంటారు. ఆ రెండు హద్దుల మధ్య ఉన్నది అర వోల్టే. ఒక సెల్ మిగతావాటికన్నా వెనకబడి ఉంటే బీఎంఎస్సే ముందు తెంచుతుంది. అందుకే మెనూలో లిథియం మోడ్ ఉన్న ఇన్వర్టర్ అయితేనే పెట్టండి. లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చే ఖర్చు కలిపి పోల్చుకోండి.

ఇంకోటి, బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లదో లేబుల్ మీద చదవండి. 900 వీఏ అంటే సుమారు 720 వాట్లు, బ్యాటరీ వైపు 70 ఆంపియర్లు. 50 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న ప్యాక్ అంటగడితే, ఫ్యాన్లు నడుస్తుండగా ఎవరో మిక్సీ వేశారంటే ఇల్లంతా చీకటే. 100 ఆంపియర్లది అడగండి. బ్యాకప్ ఎంత మిగిలిందో ఇన్వర్టర్ తెర మీద చూపించే అంకెను నమ్మకండి. లిథియం వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారి పడిపోతుంది, ట్యూబులర్ కోసం రాసిన లెక్క దానికి పనికిరాదు.

ఎండ సంగతి: డిశ్చార్జికి ఫర్వాలేదు. ఛార్జింగ్‌కి మాత్రం చాలా సెల్స్‌కి 45, 55 డిగ్రీల మధ్య ఎక్కడో హద్దు ఉంటుంది, అది దాటితే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేస్తుంది. పైగా నిండు ఛార్జ్ మీద వేడిలో ఊరికే కూర్చున్నా లిథియం ముసలిదైపోతుంది. మూడు వేల సైకిళ్లు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) అని డబ్బా మీద రాస్తారు. నెలకు మూడు కోతలున్న ఇంట్లో ఏడాదికి నలభై సైకిళ్లు కూడా అవ్వవు, ఆ మూడు వేలు ఎవరికోసం? రోజూ నాలుగైదు గంటలు కరెంటు పోయే ఊళ్లలోనో, సోలార్‌తో రోజూ నింపి ఖాళీ చేసేచోటో లిథియం డబ్బు తిరిగొస్తుంది. మీ ఇంట్లో దానికున్న మంచి రెండే: నీళ్ల బాధ లేకపోవడం, బరువు. యాసిడ్‌తో కలిపి ట్యూబులర్ 55 కిలోల పైమాటే, ఇది 12, 13 కిలోలు.

సత్యనారాయణపురం_మేడ

చాలా థ్యాంక్స్ అండీ. మాది లిథియం మోడ్ లేని ఇన్వర్టరే. అయితే ట్యూబులర్‌నే కిందకి దింపుతాను. ఇన్వర్టర్ పైనే ఉంచి, బ్యాటరీ ఒక్కటే దించి వైరు పొడిగిస్తే సరిపోతుందా? నీళ్లకు ఏసీ నుంచి కారేవి పట్టి పోయొచ్చని మా వీధిలో అంటారు, అదీ చెప్పండి. సోడియం బ్యాటరీలు వస్తున్నాయంటున్నారు, ఆగడం మంచిదా?

హైడ్రోమీటర్_గుంటూరు

బ్యాటరీ వైరు పొడిగించకండి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు లాగితే రానూపోనూ పది మీటర్లు. 43 ఆంపియర్ల దగ్గర అందులోనే దాదాపు అర వోల్టు పోతుంది. 12 వోల్టుల వ్యవస్థలో అర వోల్టు చాలా పెద్దది. బ్యాటరీలో ఇంకా ఉండగానే ఇన్వర్టర్ "లో బ్యాటరీ" అని అరుస్తుంది. రెండింటినీ కలిపి దింపి, 230 వోల్టుల వైరునే పొడిగించండి. అక్కడ పారేది రెండు ఆంపియర్లే, మామూలు వైరింగ్ చాలు.

ఏసీ నీళ్లు వద్దు. చూడ్డానికి తేటగా ఉంటాయి గానీ కాయిల్ మీద దుమ్ము, రాగి, అల్యూమినియం కడుక్కుని వస్తాయి. ఆర్‌ఓ నీళ్లూ వద్దు, వాటిలో ఉప్పులు మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఖరీదెంతని? యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే. పోసేది కూడా ఫుల్ ఛార్జ్ అయ్యాకే, ఫ్లోట్ మీది గుర్తు దాకా. ఛార్జ్ లేనప్పుడు నిండా పోస్తే ఛార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పొంగి నేల పాడవుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ముందు అవి మునిగేదాకా పోసి, మిగతాది ఛార్జ్ అయ్యాక. మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చూడండి, మిగతా రోజుల్లో రెండు నెలలకు ఒకసారి చాలు.

మెట్ల కింద అయితే గాలి ఆడాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. తలుపులున్న అరలో బిగించొద్దు, పక్కనే దేవుడి గూడు, దీపం ఉండకూడదు.

బీఎంఎస్_భవానీపురం

సోడియం కోసం ఆగకండి. చైనాలో సీఏటీఎల్ 2025 ఏప్రిల్‌లో నాక్స్‌ట్రా పేరుతో సోడియం సెల్స్ ప్రకటించిన మాట నిజమే. దాని గొప్పంతా గడ్డకట్టే చలిలో పనిచేయడంలో ఉంది, అది మనకెందుకు? సోడియం సెల్ వోల్టేజి సుమారు 4 నుంచి 1.5 దాకా దిగుతుంది. మన 12 వోల్టుల ఇన్వర్టర్లు 10.5 దగ్గరే ఆపేస్తాయి కాబట్టి అందులో కొంత భాగం వాడుకోలేం. వాటికి తగ్గ ఇన్వర్టర్లు ఇళ్లకు వచ్చాక చూసుకోవచ్చు.

సింగ్‌నగర్_ట్రాలీ

కిందకి అంటే నేల మీదకి కాదండీ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా వైపు కింద పోర్షన్లలో ఉన్న ఇన్వర్టర్లన్నీ నీళ్లలోనే. మీ వీధి ఎత్తులో ఉన్నా సరే, మొదటి అంతస్తు మెట్ల మలుపులో చోటుంటే అక్కడ పెట్టండి. కిందే పెట్టాల్సొస్తే ట్రాలీ మాట మరిచి, గోడకు ఇనుప స్టాండు కొట్టించండి. 60 కిలోలు మోయాలి, ఎల్ యాంగిల్ వాడి ఎక్స్‌పాన్షన్ బోల్టులతో బిగించమనండి, స్క్రూలతో సరిపెడితే ఊడొస్తుంది. మునిగిన ట్యూబులర్‌ని సెల్ సెల్‌కీ కొలిచి చూడొచ్చు. మునిగిన లిథియం ప్యాక్ జోలికి మాత్రం పోకండి, ఆరబెట్టి ఆన్ చేయడం అసలే వద్దు.

వాట్లలెక్క

కొనేటప్పుడు వారంటీ "36+24" అని రాసి ఉంటే అది అయిదేళ్లు కాదు. మొదటి 36 నెలలు ఉచితంగా మారుస్తారు, తర్వాత 24 నెలలు కొత్తదాని ధరలో తగ్గింపు మాత్రమే. బ్యాటరీ మీద కొట్టిన తయారీ నెల చూడండి, ఆరు నెలలుగా షాపులో పడి ఉన్నది ఇస్తే వేరేది తెమ్మనండి. వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, బిల్లు తేదీ వేయించుకోండి. పాతదాన్ని పాత సామాన్ల బండికి వెయ్యొద్దు, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ చేసే సంస్థలకే చేరాలి. ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తే సీసం విలువ బిల్లులో తగ్గిస్తారు. యాసిడ్ వంపేసి ఇవ్వకండి, అది డ్రైనేజీలో పోసే సరుకు కాదు.